తల్లిదండ్రుల కోరిక మేరకు

బడిలో పనిచేశానంటే నన్ను పంతులనుకుంటారు చాలామంది. కాదు. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లకీ అక్షరం నేర్పలేదు. అయితే ఏ పిల్ల ఏ తరగతిలో కూర్చోవాలో, ఎవరి పేరు పక్కన ఏ మాట పడాలో చాలాసార్లు నా టైపింగ్ మీదే నడిచింది. ఇప్పుడు బడి ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న చిన్నవాళ్ళకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. మనం రాసేది కాగితమే కదా, నిర్ణయం పైవాళ్ళది కదా అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకుని హాయిగా నిద్రపోయాను చాలా ఏళ్ళు.

మా బడి కొండ వాలులో ఉండేది. పైకి వెళ్తే పెద్ద గేట్ల ఇళ్ళు, కిందికి దిగితే ఫిల్మ్‌నగర్ బస్తీ. పై నుంచి పిల్లలు కార్లలో దిగేవాళ్ళు, కింది నుంచి స్కూటీల మీద, నడిచి వచ్చేవాళ్ళు. కిందివాళ్ళలో సగం మంది సినిమా పని మీద బతికేవాళ్ళే. మేకప్, లైటింగ్, కుట్టుపని, సెట్టుపని. వాళ్ళు తమకు మించిన బడిలో పిల్లల్ని చేర్చింది ఒకే ఒక్క ఆశతో. ఇంగ్లీషు రావాలని.

ఆ ఆశ మీదే మా బడి నడిచేది. "మీ పిల్లలు గ్రౌండులో కూడా ఇంగ్లీషే మాట్లాడతారా?" అని అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు అడిగేవారు. అవును అని చెప్పడం కోసం ఒక పద్ధతి పెట్టారు. ప్రతి తరగతికీ ఒక కార్డు. పొద్దున తెలుగులో నోరు జారిన మొదటి పిల్ల చేతిలో టీచరు కార్డు పెడుతుంది. ఆ పిల్ల ఇంకో పిల్ల నోట తెలుగు మాట పట్టుకుని, కార్డు ఆ పిల్లకు అంటగట్టాలి. ఆఖరి గంటకు కార్డు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ పేరు మర్నాడు ప్రేయర్లో మైకులో చదువుతారు. కొట్టడం లేదు, తిట్టడం లేదు. పేరు చదవడమే.

ఆ కార్డు తయారు చేసింది నేను. ఆకుపచ్చ అట్ట మీద ఎర్ర అక్షరాలు. పిల్లల చేతుల్లో నలిగిపోతోందని లామినేషన్ చేయించాను. బాగుందని అప్పటి మా ప్రిన్సిపాల్ మెచ్చుకుంటే మోతీనగర్‌లో ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా.

నేను చేసిన రెండో పని దానికంటే ఘనమైంది. విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని అదే తరగతిలో ఆపకూడదన్నారు. తర్వాత ఐదు, ఎనిమిది తరగతుల విషయంలో సవరణ వచ్చింది గానీ, ఒకటో తరగతి పిల్లను ఆపడానికి ఏ సవరణా లేదు. అయినా యాజమాన్యానికి వెనకబడ్డ పిల్లలు పైకి రావడం ఇష్టం లేదు. పై తరగతుల ఫలితాలు పాడవుతాయని లెక్క. అప్పుడు నేనొక ఉత్తరం నమూనా తయారు చేశాను. తల్లిదండ్రులే బడికి రాస్తున్నట్టు. మా పాప మేలు కోరి, మా సొంత ఇష్టంతో, మా కోరిక మేరకు ఆమెను ఇదే తరగతిలో మరో ఏడాది ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాము అని. మంచి ఇంగ్లీషులో. కింద సంతకానికి చోటు. బడి ఎవర్నీ ఆపలేదు, వాళ్ళే అడిగారు. చట్టానికి కాగితం జవాబు. ఏటా మార్చిలో రెండో మూడో ఉత్తరాలు సంతకాలై ఫైల్లో చేరేవి.

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది సంగతి ఇక చెబుతాను.

ఆ జూన్‌లో ఒకటో తరగతికి వచ్చిన పిల్లలు నర్సరీ చూడలేదు, కేజీ చూడలేదు. ఫోన్లో టీచరు ముఖం తప్ప బడి అంటే తెలియదు. వాళ్ళలో ఒక పాప ఉండేది. తండ్రి సెట్టు పెయింటరు. ప్లైవుడ్ గోడల్ని రాతి గోడల్లా, అట్టపెట్టెల్ని ఇనప్పెట్టెల్లా కనిపించేలా రంగులు వేసే పని. తల్లి కాస్ట్యూముల దగ్గర కుట్టుపని. పాప అడ్మిషన్ ఫారం నేనే నింపాను. ఆ రోజు నా బల్ల ఎక్కినంత పని చేసి, స్టాప్లరు ఏం చేస్తుంది, స్టాంపు మీద ఏం రాసుంది అని వదలకుండా అడిగింది. ఇది క్లాసులో టీచరుకు చుక్కలు చూపిస్తుందిలే అనుకున్నాను.

దసరా నాటికి ఆ పాప బడిలో మాట్లాడటం మానేసింది.

నాకు ఆ సంగతి తెలిసింది మాత్రం మార్చిలోనే, మార్కుల జాబితా నా చేతికి వచ్చాక. ఒకటో తరగతి టీచరు కొత్త పిల్ల, రెండో ఏడాది ఉద్యోగం. నలభై పైచిలుకు పిల్లలు ఆమెకు. చెడ్డ మనిషి కాదు, అరిచేది కూడా కాదు. పాప రాత పరీక్షల్లో బాగానే రాసింది. కానీ చదివి వినిపించడం సున్నా, పద్యం సున్నా, ప్రశ్నకు జవాబు సున్నా. తెలుగులోనూ సున్నాయే. చిన్న తరగతుల్లో నోటి మార్కులు ఎక్కువ కాబట్టి మొత్తం మీద తప్పింది. రిమార్కుల గడిలో టీచరు 'స్పందించదు' అని రాసింది. నేను అలాగే టైపు చేశాను.

ప్రిన్సిపాల్ మేడం ఇచ్చిన చీటీలో ఆపాల్సిన పిల్లల పేర్లు మూడున్నాయి. రెండిళ్ళ వాళ్ళు వచ్చి మారు మాట్లాడకుండా సంతకాలు పెట్టి వెళ్ళారు. మూడో పేరు ఈ పాపది.

తండ్రి పొద్దున పదిన్నరకు వచ్చాడు. షూటింగ్ నుంచి గంట పర్మిషన్ అడిగి వచ్చాడట. గోళ్ళ సందుల్లో బూడిద రంగు. కుర్చీ చూపిస్తే చివరి అంచున కూర్చున్నాడు. ఉత్తరం ముందుకు తోసి పెన్ను ఇచ్చాను. పెన్ను పక్కన పెట్టి కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంగ్లీషు జర కష్టం సార్ నాకు. ఏం రాసిందో తెలుగుల చెప్తరా?"

అన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడు. సరే అని చదవడం మొదలుపెట్టాను. మా పాప మేలు కోరి, మా సొంత ఇష్టంతో, మా కోరిక మేరకు... ఇంగ్లీషులో గంభీరంగా ఉన్న మాటలు తెలుగులోకి రాగానే నా నోటికే అడ్డం పడ్డాయి. ఎలాగో ముగించాను.

అతను కోప్పడలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"మేమెప్పుడు కోరినం సార్?"

"అంటే... పాప వెనకబడిందని టీచరు అంటున్నారు. ఇంకో ఏడాది ఉంటే గట్టి పడుతుందని."

"వెనకబడిందా? ఇంట్ల పుస్తకం మొత్తం చదువుతది. మా అమ్మకు పద్యాలు చెప్తది. కాకుంటే పొద్దున బూట్లు చూస్తే కక్కుతది సార్. నాలుగైదు నెలల సంది. రాత్రి పక్క తడుపుతది, మూడేండ్లకే మానేసిన పిల్ల. కడుపుల నులిపురుగులని మందులు తాపినం."

"బడిలో అసలు మాట్లాడదట. ఒకసారి డాక్టరుకు చూపించకూడదా? పిల్లల మనసు చూసే డాక్టర్లుంటారు."

అతని ముఖం పాలిపోయింది. "ఎర్రగడ్డకా సార్? మా పిల్లకు పిచ్చంటున్రా?"

ఈ ఊళ్ళో పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వుతారు, లేకపోతే ఇలా భయపడతారు. అక్కడికి కూతవేటు దూరంలో కాపురముంటున్నవాణ్ణి, ఆ జోకులు వినీ వినీ నేనూ వేసినవాణ్ణే. ఆ క్షణాన మాత్రం ఇక ఆ జోకు నా నోట రాకూడదనిపించింది. అలాంటిదేం కాదని, జ్వరానికి చూపించినట్టే ఇదీనని నాకు తోచినట్టు సర్దిచెప్పాను. అతను తల ఊపాడు గానీ నమ్మలేదు. మళ్ళీ కాగితం వైపు చూశాడు.

"మా పని గూడ గిసొంటిదే సార్. చెక్కను రాయి లెక్క చూపెడ్తం. గని అది సిన్మా అని అందరికీ ఎరుకే. ఇది సిన్మా కాదు గదా. మేం అడగనిది అడిగినట్టు రాసిన్రు. నేను దస్కత్ పెడితే రేపు నా బిడ్డ పెద్దగై అడుగుతది, ఎందుకు ఆపినవ్ నాయ్నా అని. ఏం చెప్పాలె?"

ఉత్తరం సొరుగులో పెట్టేశాను. "ఎల్లుండి రండి. నేను మేడంతో మాట్లాడతా" అన్నాను. ధైర్యం కాదది, సిగ్గు. నా ఇంగ్లీషు చూసి నేనే సిగ్గుపడి ఆ మనిషిని ముందు అక్కణ్ణుంచి పంపించేశాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక టిఫిను గిన్నె కడగడానికి పిల్లల చేతులు కడిగే కుళాయిల దగ్గరికి వెళ్ళాను. చిన్న తరగతుల ఆయమ్మ అక్కడ నేల తుడుస్తోంది. బోరబండ నుంచి వచ్చేది. పన్నెండేళ్ళుగా మా బడిలోనే ఉంది. ఆమెతో జీతం రోజున తప్ప నేను మాట్లాడింది తక్కువ.

"పొద్దున పెయింటరు వచ్చిండు గదా సార్. ఏమైంది, బిడ్డను ఆపుతున్రా?" అంది.

"మాట్లాడదట కదా ఆ పాప. ఏం చేస్తారు."

ఆయమ్మ తుడుపుకర్ర ఆపి నన్ను వింతగా చూసింది. "ఎవరు మాట్లాడదు? నాతోని మాట్లాడ్తది. ఇంటర్వెల్ల, అన్నాల యాళ్ళ ఇక్కడికే వస్తది. ఎవ్వరూ లేనిది చూసి షురూ చేస్తది. ఆ పొద్దు క్లాసుల ఏం చెప్పిన్రో అంతా నాకు చెప్తది. చెప్పి ఊకుంటదా, నాకు పరీక్ష పెడ్తది సార్. నిన్న పదికి నాలుగే ఏసింది నాకు."

నవ్వొచ్చింది నాకు. వెంటనే ఆగిపోయింది. "మరి క్లాసులో ఎందుకు మాట్లాడదు?"

"కార్డు పడ్తదని."

"ఏ కార్డు?"

"మీరు చేసిన కార్డే సార్. బడి తెరిసిన రెండో వారంల పక్క పిల్లకు 'నీ బూటు తాడు ఊడింది, పడ్తవ్' అని చెప్పింది. ఆ పిల్ల పడొద్దని చెప్పింది పాపం. దొరకవట్టి కార్డిచ్చిన్రు. ఇంకెవరి మాటా పట్టరాక సాయంత్రం దాక దీని చేతులనే ఉండె. తెల్లారి మైకుల పేరు చదివిన్రు. ఆ దినం సంది మెల్లమెల్లగ నోరు కట్టేసుకుంది. నోరు తెరిస్తే ఇంగ్లీషొస్తదో తెలుగొస్తదో ఎరుక లేదు గదా సార్ దానికి. తెరవకుంటే కార్డు రాదు."

ఆరేళ్ళ పిల్ల. ఎవరూ చెప్పకుండానే తనకు తాను వెతుక్కున్న ఉపాయం. బడి పెట్టిన నియమానికి అంతకంటే కచ్చితమైన జవాబు లేదు. తెలుగు పీరియడ్లో కార్డు ఉండదన్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పినట్టు లేరు.

"ఇంత తెలిసి టీచరుకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరడిగిన్రు సార్?" అంది ఆయమ్మ. నిష్ఠూరంగా కాదు, మామూలుగా.

గిన్నె అక్కడే వదిలి ఆఫీసుకు వచ్చాను. సర్క్యులర్ల ఫైలు తీశాను. విద్యాశాఖ నుంచి చట్టం ప్రతి ఎప్పుడో వచ్చింది. నేనే అందుకుని, తేదీ స్టాంపు వేసి, పొట్టి సంతకం గీసి, చిల్లు పొడిచి ఫైల్లో పెట్టినదే. పెట్టానే గానీ చదవలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట కూడా చదివింది బడికి ఏదైనా దారి దొరుకుతుందేమోనని. తల్లిదండ్రులు కోరితే ఆపవచ్చు అన్న ముక్క ఎక్కడైనా ఉంటుందని వెతికాను. లేదు. ఒకటో తరగతి పిల్లను ఆపకూడదు, అంతే. మరో పేజీలో పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడం కూడా నిషేధం అని ఉంది. ఇంకా వెనక, చదువు ఎలా చెప్పాలన్న చోట, పిల్లకు భయం, ఆందోళన లేకుండా చూడాలని, తన మాట స్వేచ్ఛగా చెప్పుకోనివ్వాలని ఉంది. వీలైనంత వరకు ఇంటి భాషలో చెప్పాలని దాని ముందు ముక్కే.

చట్టం చేసేవాళ్ళు పిల్లల భయం గురించి కూడా రాస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పేజీ పదేళ్ళకు పైగా నా వెనక అల్మారాలోనే ఉంది.

ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. మా మేడం కోస్తా ఆవిడ. చదువంటే ప్రాణం, క్రమశిక్షణంటే అంతకంటే ప్రాణం. ఆవిడను రాక్షసి అని పిల్లలు అనేవారు గానీ నేను అనను. యాజమాన్యం ఒకవైపు, ఫలితాలు ఒకవైపు, మధ్యలో రోజూ నలిగేది ఆవిడే. నిలబడే చెప్పాను. సంతకం కాలేదని, ఎందుకు కాలేదో, ఆయమ్మ ఏమందో.

"రూల్స్ నాకూ తెలుసండీ" అంది ఆవిడ. "తల్లిదండ్రులు కోరితే మనదేం తప్పు?"

"వాళ్ళు కోరలేదు మేడం. కోరినట్టు నేను టైపు చేశాను."

"ఇన్నేళ్ళూ చేసింది మీరే కదా. ఇవాళేంటి కొత్తగా?"

"అవును మేడం. నేనే చేశాను. ఇది చెయ్యలేను."

ఎదురు చెప్పడం అలవాటు లేని మనిషిని. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అరుస్తుందేమో అనుకున్నాను. కిటికీలోంచి గ్రౌండు వైపు చూసి, "ఆయమ్మ చెప్పింది నిజమేనని ఏంటి నమ్మకం? రేపు నేను వింటాను. టీచర్ని కూడా రమ్మనండి" అంది.

మర్నాడు అన్నాల వేళ మేం ముగ్గురం కుళాయిల పక్కనున్న ఆటసామాన్ల గదిలో నిలబడ్డాం. బంతుల మధ్య ప్రిన్సిపాల్, హాకీ కర్రలకు ఆనుకుని నేను. టీచరు తలుపు పక్కన. చిన్నపిల్ల మాట దొంగచాటుగా వినాల్సి రావడం ఎవరికీ గౌరవంగా లేదు. ఆయమ్మకు మాత్రం చెప్పాం. మొదట ఒప్పుకోలేదామె. "పిల్ల నమ్మి చెప్తది సార్" అంది. పిల్లను ఆపకుండా ఉండాలంటే ఇదొక్కసారి తప్పదంటే సరేనంది.

తలుపు సందులోంచి సగమే కనిపిస్తోంది. పాప వచ్చింది. అటూ ఇటూ చూసింది. బకెట్టు బోర్లించి దాని మీద ఆయమ్మను కూర్చోబెట్టింది. తర్వాత గొంతు వినిపించింది. సన్నగా, గబగబా, పంపు విప్పినట్టు.

"సైలెన్స్. చేతులు కట్టుకో. నిన్న చెప్పిన పాఠం ఎవరికి యాదున్నది? నువ్వు చెప్పు, చీమ పావురానికి ఏం సాయం చేసింది?"

"ఏమో టీచరమ్మా, మర్సిన."

"రోజు మర్సుడేనా? వేటగాని కాలు కుట్టింది. ఆంట్ బిట్ ద హంటర్. చెప్పు."

"ఆంటు... బిట్టు..."

"గట్టిగ. వెనక బెంచీకి ఇనవడాలె."

టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ 'వెనక బెంచీకి వినపడాలి' ఆమె మాటే. మాట విరుపు కూడా ఆమెదే. పాప పాఠమంతా చెప్పించింది, ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత. ఒకచోట ఆయమ్మ "ఆకలైతుంది టీచరమ్మా, చాలు" అంది.

పాప మాట్లాడటం ఆపేసింది. టిఫిను డబ్బా మూత తీసి ఆయమ్మ చేతిలో పెట్టింది.

"తెలుగుల మాట్లాడినవ్. కార్డు పట్టుకో."

ఆయమ్మ మూత పట్టుకుని అలాగే కూర్చుంది. ఇది ఆమెకు కూడా కొత్తలా ఉంది. పాప కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత దగ్గరికి వెళ్ళి, మూత మెల్లగా లాగేసుకుని, చెవి దగ్గర చెప్పింది. అయినా మాకు వినిపించింది.

"ఫికర్ చెయ్యకు. నీ పేరు నేను మైకుల చదవ. ఎవ్వరికి చెప్ప."

గంట కొట్టాక పాప పరుగెత్తింది. తరగతి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెదాలు బిగించుకుని, తల దించుకుని లోపలికి వెళ్ళడం కిటికీలోంచి చూశాను.

టీచరు ఏడ్చింది. "రోజూ కార్డు నేనే ఇచ్చాను సార్. నేనే 'స్పందించదు' అని రాశాను" అంది. కార్డు ఇచ్చింది ఆమె, చేసింది నేను. ఆమెను ఓదార్చే అర్హత నాకు ఉన్నట్టు తోచలేదు. ఆమె పక్కనే నిలబడ్డాను.

మేడం తన గదికి వెళ్ళి తలుపు వేసుకుంది. సాయంత్రం నన్ను పిలిచి, "ఆ ఉత్తరం నమూనా మీ కంప్యూటర్లో ఉంది కదా, తీసేయండి" అంది. ఇంకేదో అనబోయి ఆగి, తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా నాన్న మా ఊరి బడిలో మాస్టారండీ. ఆయన తరగతిలో కూడా నేను నోరు విప్పేదాన్ని కాదు. ఆయన నన్ను ఎవరి ముందూ నిలబెట్టలేదు కాబట్టి తర్వాత మెల్లగా మాట్లాడాను." అంతే. మళ్ళీ ఆ ప్రసక్తి ఎప్పుడూ తేలేదు.

ఆ మర్నాడు పెయింటరు వచ్చాడు. ఈసారి భార్యను కూడా తీసుకొచ్చాడు. పోట్లాటకు సిద్ధపడి వచ్చినట్టే ఉన్నారు ఇద్దరూ. మేడం వాళ్ళను తన గదిలో కూర్చోబెట్టింది.

"మీ పాప రెండో తరగతికి వెళ్తోందమ్మా. ఏ కాగితం మీదా సంతకం అక్కర్లేదు" అని, ఆగి, "పాప మాట్లాడకపోవడం మా వల్ల జరిగింది. తప్పు మాది" అంది.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, మొదటిసారి వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు. రెండు రోజుల కిందట అదే మనిషి కుర్చీ అంచున కూర్చోవడం నేను చూశాను. ఊపిరి పీల్చుకోవడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. నాది కూడా అప్పుడే ఆడింది.

మేడం పాపను తనకు తెలిసిన, పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఎర్రగడ్డ భయం తీరడానికి నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ పాపతో బొమ్మలు గీయించింది, మాట్లాడమని ఒక్కసారి కూడా అనలేదు. పిచ్చీ కాదు, మొండితనమూ కాదని, భయం వల్ల కొన్నిచోట్ల మాట గొంతులోనే ఆగిపోవడమని చెప్పింది. ఎవరూ తొందరపెట్టవద్దంది. ఎవరితో మాట్లాడుతుందో ఆ మనిషిని మెల్లగా తరగతి దాకా తీసుకురమ్మంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తండ్రి, "గింతేనా సార్?" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

కార్డుల విషయంలో యాజమాన్యంతో మేడం ఎంత పడిందో పూర్తిగా నాకు తెలియదు. గదిలోంచి ఆవిడ గొంతు ఒకసారి గట్టిగా వినిపించింది. "నోరు మూయించి ఏ భాష నేర్పుతాం సార్?" అని. బయటికి వచ్చి, చిన్న తరగతుల్లో కార్డులు రద్దు అని సర్క్యులరు టైపు చేయమంది. అంత ఇష్టంగా నేను టైపు చేసిన సర్క్యులరు ఇంకోటి లేదు. పాత కార్డులన్నీ పోగుచేసి చించబోతే చిరగలేదు. లామినేషన్ గట్టిది. కత్తెర తెచ్చుకుని కూర్చుని ఒక్కొక్కటే కత్తిరించాను. బొటనవేలు పొక్కింది.

సంతకాలు పెట్టిన మిగతా ఇద్దరి తల్లిదండ్రులకూ ఫోన్ చేశాం. ఒకాయన సంతోషపడ్డాడు. ఇంకో తల్లి మాత్రం, "ఆపుతున్నారని పిల్లాడికి అప్పుడే చెప్పేశాం. మూడు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు కాదంటారా? ముందే చెప్పొచ్చు కదా" అని దులిపేసింది. ఆవిడ కోపం న్యాయమైందే. ఫోను పెట్టేదాకా విన్నాను. అంతకుముందు ఏళ్ళవి ఫైల్లో ఉన్న ఉత్తరాలకు మాత్రం నేను చేయగలిగింది లేదు. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై ఉంటారు. వాళ్ళలో కొందరు తమను ఆపించింది అమ్మానాన్నలేనని నమ్ముతూ ఉండి ఉంటారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా.

పాప విషయంలో అద్భుతాలేం జరగలేదు. జూన్‌లో రెండో తరగతిలో చేరింది. ఆయమ్మకు డ్యూటీ ఆ తరగతి వరండాలో వేశాం. మొదటి నెలంతా ఆయమ్మ చెవిలో గుసగుస. తర్వాత గుమ్మం దగ్గర. తర్వాత ఒక స్నేహితురాలి చెవిలో. కొన్నాళ్ళు ముందుకు, కొన్నాళ్ళు వెనక్కి. పాత టీచరు రోజూ అటు వెళ్ళి పలకరించేది, జవాబు ఆశించకుండా. పొద్దున కక్కడం తగ్గిందని తండ్రి ఫోన్ చేసి చెప్పాడు. పక్క తడపడం మానేసిందని ఇంకో నెలకు చెప్పాడు. ఆ ఫోన్ల కోసం ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది.

దసరా సెలవులయ్యాక ఒక రోజు ఏదో లెక్క సరిచూసుకుంటూ ఉన్నాను. ఆఫీసు కిటికీ అవతల ఎవరో బల్ల చెక్క మీద టకటకా కొట్టారు. చూస్తే రెండు జడలు, నుదురు, కళ్ళు. కిటికీ అందక మునివేళ్ళ మీద నిలబడింది. వెంట ఎవరూ లేరు. ఆయమ్మ కూడా లేదు.

"సార్, మా క్లాసుల ఫ్యాను తిరుగుత లేదు" అంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. వినపడింది. అయినా వినపడనట్టు ముందుకు వంగాను.

"ఏంటమ్మా?"

"ఫ్యాను తిరుగుత లేదు. టీచర్ చెప్పి రమ్మన్నది."

"ఏ ఫ్యాను?"

"మూలకున్నది."

"ఏ మూలకు?"

పాప నన్ను కింది నుంచి పైకి చూసింది. ఆయమ్మకు పదికి నాలుగు వేసిన చూపు అదేనేమో.

"ఎన్నిసార్లు చెప్పాలె సార్? వచ్చి చూడుర్రి" అని, నా కోసం ఆగకుండా ముందు నడిచింది.

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. ఆఫీసు సూపరింటెండెంటు ఫ్యాను చూడటానికి స్వయంగా వెళ్ళడం మా బడి చరిత్రలో అదే మొదటిసారి.